గాయం, మచ్చ మీద ప్రాజెక్టా? ముందు ఏ జంతువో తేల్చుకోండి

ఫార్మసీ ప్రాజెక్టుల్లో ఒక పద్ధతి తెగ కనిపిస్తుంది. విస్టార్ అనే ల్యాబ్ జాతి ఎలుక వీపు మీద చర్మం గుండ్రంగా కోసి, ఏదో ఆకు సారంతో చేసిన ఆయింట్‌మెంట్ రోజూ రాసి, గాయం ఎంత శాతం తగ్గిందో గ్రాఫ్ గీసి, ఆఖర్న "మచ్చ కూడా తగ్గింది" అని రాసేస్తారు. ఆ ఆఖరి మాటకి ఆ ప్రయోగంలో ఆధారం ఉండదు. గాయం ఎంత త్వరగా మూసుకుందన్నది ఒక ప్రశ్న, మానాక మచ్చ ఎలా మిగిలిందన్నది వేరే ప్రశ్న. మీది ఏదో ముందు తేల్చుకోండి, జంతువు సంగతి ఆ తర్వాత.

మూసుకోవడమే మీ ప్రశ్న అయితే చిట్టెలుక చాలు, కానీ ఊరికే కోసి వదిలేస్తే కుదరదు. దాని చర్మం వదులు, కింద పానిక్యులస్ కార్నోసస్ అనే పలుచని కండర పొర ఉంటుంది, అందుకే అంచులు దగ్గరికి లాక్కుని గాయం మూసుకుపోతుంది. మనకి ఆ పొర దాదాపు లేదు. మన గాయం చాలావరకు అడుగున కొత్త కణజాలం పెరిగి, పైన చర్మకణాలు అంచుల నుంచి పాకి వస్తేనే మానుతుంది. దీనికి విరుగుడుగా 2004లో గలియానో బృందం ఇచ్చిన స్ప్లింట్ పద్ధతి వాడండి. 6 మి.మీ. పంచ్‌తో (చర్మాన్ని గుండ్రంగా కోసే పరికరం) గాయం చేసి, అంచులు దగ్గరికి లాక్కోకుండా చుట్టూ సిలికాన్ రింగ్ అతికించి కుట్లు వేయడమే. రింగ్ ఊడిన గాయాన్ని లెక్కలోంచి తీసేయాలి, ఈ నియమం ప్రయోగానికి ముందే రాసి పెట్టుకోండి, ఫలితాలు చూశాక ఏది ఉంచాలో ఏది తీయాలో ఆలోచించడం మొదలుపెడితే ఇక ఆ డేటాని ఎవరూ నమ్మక్కర్లేదు. చిట్టెలుకల్ని విడివిడి బోనుల్లో ఉంచండి, లేదంటే ఒకదాని రింగ్ ఇంకొకటి కొరికేస్తుంది.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది, వెంట్రుకల దశ. వెంట్రుకలు పెరిగే దశలో గాయం త్వరగా మానుతుంది. నల్ల చిట్టెలుకల్లో షేవ్ చేయగానే తెలిసిపోతుంది, చర్మం గులాబీ రంగులో ఉంటే విశ్రాంతి దశ, బూడిదగా నల్లగా ఉంటే పెరిగే దశ. రెండూ కలిపేస్తే మీ మందు పనిచేసిందో వెంట్రుకలు పనిచేశాయో తేలదు.

ఉబ్బెత్తు మచ్చ కావాలంటే చిట్టెలుకని వదిలి కుందేలు చెవికి రండి. న్యూజిలాండ్ తెల్ల కుందేలు చెవి లోపలి వైపు చర్మంతో పాటు మృదులాస్థి మీది పొర కూడా తీసేస్తే, అడుగున ఉన్న మృదులాస్థి గాయాన్ని ముడుచుకోనివ్వదు. దాదాపు నాలుగు వారాలకి మచ్చ పైకి లేస్తుంది. దాన్ని కోసి స్లైడ్ చేసి, మామూలు చర్మంతో పోలిస్తే ఎంత లేచిందో నిష్పత్తిగా కొలవాలి. అది 1 అయితే మచ్చ ఉబ్బలేదన్నమాట. ఆ పొర సగం సగం తీస్తే ఒక్కో గాయం ఒక్కోలా వస్తుంది, చేయి కుదిరేదాకా అసలు ప్రయోగం మొదలుపెట్టకండి.

మన చర్మానికి దగ్గరిది పందిది, ఎర్ర డ్యూరాక్ జాతి పందికి లోతుగా గాయమైతే మందమైన మచ్చే వస్తుంది. ఖర్చు, చోటు, నెలల తరబడి చాకిరీ, ఇవన్నీ తట్టుకోగలిగిన ల్యాబ్‌కే అది. కీలాయిడ్ (గాయం హద్దు దాటి పెరిగే మచ్చ) మీద పనిచేద్దామనుకుంటే మాత్రం దాన్ని సొంతంగా తెచ్చుకునే జంతువు లేదు, మనిషి కీలాయిడ్ ముక్కల్ని రోగనిరోధక శక్తి లోపించిన న్యూడ్ చిట్టెలుకలకి అంటించి చూడటమే దారి.

మన దేశంలో ఏ జంతువుకైనా ముందు సంస్థ ఎథిక్స్ కమిటీకి ఫారం బి (ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తు) పెట్టాలి. అందులో నొప్పి మందు గురించి స్పష్టంగా రాయండి. ఐబుప్రోఫెన్ లాంటివి వాపు దశనే మార్చేస్తాయి కాబట్టి చాలామంది బ్యుప్రెనార్ఫిన్ అనే ఓపియాయిడ్ నొప్పి మందు వైపు వెళ్తారు. అలాగని ఫలితం చెడిపోతుందనే సాకుతో నొప్పి మందే మానేయడం కుదరదు, వెటర్నరీ డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి.

ఒక ఎలుక మీద రెండు గాయాలు చేస్తే లెక్కలో అది ఒక్క ఎలుకే, రెండు కాదు. కొలిచేవాళ్లకి ఏది ఏ గ్రూపో తెలియకూడదు. స్లైడ్ ఎప్పుడూ గాయం సరిగ్గా మధ్యలోంచి కోసిందే తీసుకోండి, పక్కకి జరిగితే పూడని గాయం కూడా పూడినట్టే కనిపిస్తుంది.