ఎండ్యూరెన్స్ రైడ్‌కి పేరిచ్చే ముందు: సంతకం మీది, బాధ్యతా మీదే

డిసెంబరు వచ్చిందంటే విశాఖలో గుర్రపు స్వారీ చేసేవాళ్లకు ఊపొస్తుంది. ఎండ తగ్గి, తెల్లవారుజామున భీమిలి వైపు గాలి హాయిగా ఉంటుంది. ఈసారి ఎలాగైనా ఎండ్యూరెన్స్ రైడ్‌కి పేరివ్వాలనిపిస్తుంది. కొత్తవాళ్లకు 40 కిలోమీటర్ల నుంచి మొదలై, ఒకే రోజులో 160 కిలోమీటర్ల దాకా వెళ్లే పోటీ ఇది. పేరిచ్చేటప్పుడు 'ఏం జరిగినా బాధ్యత నాదే' అనే ఫారం చేతికిస్తారు. చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు. దయచేసి కూర్చుని చదవండి.

ఆ కాగితం మీకూ నిర్వాహకులకూ మధ్య ఒప్పందం, అంతే. గుర్రం అన్నాక బెదురుతుంది, జారుతుంది, పడేస్తుంది. ఆ సంగతి తెలిసే వచ్చానని మీరు ఒప్పుకుంటున్నారు. అంతమాత్రాన వాళ్ల నిర్లక్ష్యమంతా మాఫీ అయిపోదు. మీది కూడా మాఫీ కాదు. మీ గుర్రం దారిన పోయే మనిషిని తన్నిందనుకోండి, ఆయన ఏ ఫారం మీదా సంతకం పెట్టలేదు కదా! మన అధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషులకు ముప్పు రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ వర్తిస్తుంది. ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నష్టపరిహారం దావా వేరే. 18 ఏళ్లు నిండని పిల్లలు చేసుకున్న ఒప్పందం మన చట్టంలో చెల్లదు. కాబట్టి పిల్లల్ని పంపే అమ్మానాన్నలు ఫారం ఇచ్చాం కదా అని ఊరుకోకుండా దగ్గరుండి చూసుకోవాలి.

బండికైతే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. గుర్రానికి అలాంటిదేమీ లేదు. గుర్రం మీద చేసే మామూలు పశు బీమా అది చనిపోతే వర్తిస్తుంది, అది గుద్దిన మనిషికి కాదు. మీ ప్రమాద బీమాలో సాహస క్రీడల్ని మినహాయించారేమో కూడా ఏజెంట్‌ని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. గుర్రం అద్దెదైతే, అది కుంటితే వైద్యం ఖర్చు ఎవరిదన్నది యజమానితో ముందే కాగితం మీద రాసుకోవాలి.

ప్రాక్టీసుకి బీచ్ రోడ్డు ఎక్కేవాళ్లకు ఒక మాట. మంగమారిపేట, భీమిలి దగ్గర ఇసుకలో వలలు, తాళ్లు ఆరేసి ఉంటాయి. గిట్ట వలలో చిక్కితే గుర్రం కాలూ పోతుంది, ఆ మత్స్యకారుడి పూట కూడూ పోతుంది. అక్కడ దిగి, కళ్లెం పట్టుకుని నడిపించండి. ఎర్రమట్టి దిబ్బల మీదకు అసలు తీసుకెళ్లొద్దు. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, రాత్రిపూట ఇసుకలో స్వారీ మానేయండి. తన్నే అలవాటున్న గుర్రం తోకకు ఎర్ర రిబ్బను కట్టడం స్వారీలో మామూలే. కట్టాం కదా అని గుంపులో దూరకూడదు, వెనకాల నిలబడాల్సింది మీరే.

అన్నిటికన్నా పెద్ద బాధ్యత గుర్రం ఒంటిది. అది నోరు తెరిచి చెప్పలేదు, ఇక చాలని ఆగనూ ఆగదు. గుర్రాన్ని శక్తికి మించి పరిగెత్తించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమే. మన ఊళ్లో అసలు శత్రువు ఉక్కపోత. ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రతకు గాలిలో తేమ శాతం కలిపి చూడండి. 130 లోపు ఉంటే ఫరవాలేదు, 150 దాటితే చెమట సరిగ్గా ఆరదు, 180 దాటితే స్వారీ మాటే వద్దు. జనవరి ఉదయం 68 డిగ్రీలు, 75 శాతం తేమ అనుకుంటే 143. ఏప్రిల్లో 90 డిగ్రీలకు అదే తేమ కలిస్తే 165. లెక్క మీకే తెలుస్తుంది.

నాడి చూడటం ఇప్పుడే నేర్చుకోండి. గుర్రం ఎడమ ముందుకాలి మోచేతి వెనక, జీను పట్టీ వెళ్లే చోట స్టెతస్కోప్ పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. నిలకడగా ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44 ఉంటుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం వెట్ గేట్ (దారిలో పశువైద్యులు గుర్రాన్ని పరీక్షించే చోటు) దగ్గర ఇచ్చిన గడువులోగా 64కి దిగాలి. పంటి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. ఆలస్యమైతే నీరు తగ్గుతోందని అర్థం. వేడిగా ఉన్న గుర్రానికి నీళ్లు పట్టకూడదు, చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయి అని ఇప్పటికీ కొందరంటారు. అది తప్పు. తాగనివ్వండి, ఒళ్లంతా ధారగా పోస్తూనే ఉండండి. గుర్రం చెమటలో ఉప్పు మన చెమటలోకన్నా చాలా ఎక్కువ కాబట్టి ఎలక్ట్రోలైట్లు కావాలి, కానీ నీళ్లు తాగని గుర్రానికి ఉత్త ఉప్పు పడితే ఇంకా ప్రమాదం. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేయించి పరిగెత్తించడం మాత్రం ఘోరం. అలాంటి సలహా ఇచ్చినవాళ్లతో మళ్లీ స్వారీకి వెళ్లకండి.

మీ సంగతికొస్తే హెల్మెట్, మడమ ఉన్న బూట్లు, టెటనస్ ఇంజెక్షన్, జేబులో బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ల నంబరు ఉండాలి.

రైడ్ అయ్యాక ఆ రాత్రే గుర్రాన్ని వ్యానెక్కించి ఇంటికి తోలేయకండి. అక్కడే విశ్రాంతినిచ్చి, మేత తింటోందా, పేడ వేస్తోందా అని చూడండి. మూత్రం కాఫీ రంగులో వచ్చిందా, వెనక కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయా, ఒక్క అడుగు కూడా నడిపించకుండా వెంటనే పశువైద్యుణ్ని పిలవండి.