కరెంటు పోతే సర్వర్ గతి: పోర్టు దగ్గర ఆఫీసులో నేను చేసే పనులు

విశాఖ పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో సిస్టమ్స్ చూసుకుంటాను. రెండు సర్వర్లు, ఒక నాస్ (అందరి ఫైళ్లూ దాచే నెట్‌వర్క్ డిస్కుల పెట్టె), నెట్‌వర్క్ స్విచ్, రూటర్. వీటికి 3 కేవీఏ సామర్థ్యం ఉన్న ఆన్‌లైన్ రకం యూపీఎస్, 12 వోల్టుల 26 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలు ఎనిమిది.

ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ తెర మీద గంటా పది నిమిషాలు అని కనపడింది. ధైర్యంగా టీకి దిగాను. గ్లాసు సగం కాకుండానే యూపీఎస్ చేతులెత్తేసింది, ఫోన్లు మొదలయ్యాయి. అకౌంట్స్ డేటా సరిచేసుకునేసరికి రాత్రి పది దాటింది.

మర్నాడు ఎలక్ట్రీషియన్ బాబాయ్ వచ్చి లోడు పెట్టి ఒక్కో బ్యాటరీకి మీటర్ ఆనించాడు. ఏడు 12 వోల్టుల దగ్గర నిలబడ్డాయి. ఎనిమిదోది 9కి జారిపోయింది. వరసలో ఒక్కటి చస్తే మిగతా ఏడూ ఉండీ లేనట్టే. "తెర మీద నంబరు నమ్మీకు బాబూ, లోడు పెట్టి చూసుకో" అన్నాడు.

అప్పట్నుంచి మూడు నెలలకోసారి, శనివారం సాయంత్రం అందరూ వెళ్లాక, బ్యాకప్ పూర్తయిందని చూసుకుని, యూపీఎస్‌కి కరెంటిచ్చే ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) నేనే దించేస్తాను. గడియారం పెట్టుకుని కూర్చుంటాను. ఎనిమిది బ్యాటరీలని 12 వోల్టులతో, 26 ఏహెచ్‌తో గుణిస్తే 2,496 వాట్ అవర్లు. అందులో సగమే చేతికొస్తుందనుకుంటాను. నా లోడు 800 వాట్లు, అంటే గంటన్నర. అందులో మూడోవంతు తగ్గిందంటే బ్యాటరీల మార్పు గురించి సార్ చెవిన వేస్తాను. గది వేడిగా ఉంటే అవి ఇంకా త్వరగా పోతాయి. 25 డిగ్రీల మీద పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగం.

మన ఊళ్లో ఇంకో శత్రువు ఉప్పుగాలి. టెర్మినళ్ల మీద తెల్లపొడి, వైర్ల చివరుండే రాగి లగ్గుల మీద ఆకుపచ్చ చిలుము. యూపీఎస్ ఆపి, బ్యాటరీ బ్రేకర్ దించి, లగ్గులు విప్పి, వంటసోడా నీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి, బాగా ఆరాక బిగించి, పైన పల్చగా వేజలీన్ రాస్తాను. ఎనిమిదీ కలిస్తే వంద వోల్టుల పైనే ఉండొచ్చు. ఉంగరం తీసేయండి, స్పానర్ పిడికి టేపు చుట్టండి. ఇది చేతకాకపోతే ఎలక్ట్రీషియన్ని పిలవడమే మేలు.

గంటన్నర ఉంది కదా అని పని సాగించకూడదు. యూపీఎస్ ఉన్నది సర్వర్లని మర్యాదగా మూసేయడానికి. మేం నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడతాం, బ్యాటరీ తగ్గగానే అన్నింటినీ అదే ఆపుతుంది. యూపీఎస్ యూఎస్‌బీ వైరు ఒక సర్వర్‌కి, రెండోదానికీ నాస్‌కీ ఆగమనే కబురు నెట్‌వర్క్ మీద వెళ్తుంది. స్విచ్ కూడా యూపీఎస్ మీదే ఉండాలి, లేకపోతే కబురు చేరదు. మొదట్లో నేను చేసిన తప్పు అదే. సర్వర్లు ముందు, నాస్ చివర ఆగాలి. లేపేటప్పుడు తిరగేసి. లేజర్ ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్ దరిదాపులకి రానివ్వకండి.

జనరేటర్ ఉన్నవాళ్లకి ఒక చిత్రమైన బాధ. జనరేటర్ నడుస్తూనే ఉంటుంది, యూపీఎస్ మాత్రం బ్యాటరీ మీదే కూర్చుంటుంది. ఏసీ కంప్రెసర్ లాగినప్పుడు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి ఊగుతుంది, యూపీఎస్ ఆ కరెంటు తీసుకోదు. మా దగ్గర జనరేటర్ నిలకడగా అయ్యాకే ఏసీ వేస్తాం. అప్పటికీ మొరాయిస్తే ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎన్ని వోల్టులున్నాయో కొలిపించండి.

తుఫాను లెక్క వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. గంటల బ్యాటరీ దానికేం ఆనుతుంది? అందుకే హెచ్చరిక వినగానే సర్వర్లు ముందే ఆపి, ప్లగ్గులు పీకి, కిటికీకి దూరంగా బల్ల మీదకి ఎక్కిస్తాం. బ్యాకప్ డిస్కు రాజమండ్రిలో మా అక్కయ్య ఇంటికి బస్సెక్కుతుంది.