పాత్రల పేర్లు కలిసిపోకుండా ఒక శుభలేఖ ముక్క

పగలు రష్యన్ నవల, మధ్యలో డిటెక్టివ్ కథ, రాత్రికి వెబ్ సిరీస్. నాలుగు రోజులు గ్యాప్ వస్తే ఎవరు ఎవరో గుర్తుండదు. నెట్‌లో వెతికితే క్లైమాక్స్ ముందే తెలిసిపోతుంది, అది ఇంకా బాధ.

పాత శుభలేఖల అట్టను, మెరుపు లేనిది చూసి, 5 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవు ముక్కలుగా కత్తిరించి పుస్తకానికొకటి బుక్‌మార్క్‌గా పెట్టుకోండి. కొత్త పాత్ర రాగానే పెన్సిల్‌తో పేరు, ఎవరికి ఏమవుతారు, పేజీ నంబరు రాయండి. రష్యన్ నవలైతే ముద్దుపేరు కూడా తప్పకుండా రాయాలి. అక్కడ అలెగ్జాండర్‌నే సాషా అంటారు, మరియాను మాషా అంటారు. వెనకవైపు ఎక్కడ ఆపారో ఒక్క వాక్యం చాలు. సిరీస్ ముక్కను రిమోట్ పక్కన ఉంచండి.

కథల సంపుటాలకు మాత్రం ఇది దండగ, కథకథకీ మనుషులు మారిపోతారు.