పాత మెర్సిడెస్ ఎస్‌ఎల్ కన్వర్టబుల్ కొనేముందు: ఇంజిన్ సంగతి తర్వాత, ముందు గొట్టాలు చూడండి

అమెరికాలో 2003–2006 మోడల్ మెర్సిడెస్ ఎస్‌ఎల్ 500 (కంపెనీ కోడ్ ఆర్230) ఇప్పుడు ఒక మోస్తరు వాడిన క్యామ్రీ ధరకే దొరుకుతోంది. కొత్తలో ఎనభై వేల డాలర్లు దాటిన బండి ఇంత చవకైందంటే ఇంజిన్ చెడ్డదని కాదు. అందులోని ఎం113 అనే 5 లీటర్ల వీ8 ఆ కంపెనీ చేసిన మొండి ఇంజిన్లలో ఒకటి. జేబు ఖాళీ చేసేవి దాని చుట్టూ ఉన్న మూడు హైడ్రాలిక్ వ్యవస్థలు: సస్పెన్షన్, బ్రేకులు, టాప్. చాలామంది బానెట్ ఎత్తి, ఇంజిన్ చప్పుడు విని, మురిసిపోయి చెక్కు రాసేస్తారు. ఈ బండిలో ఇంజిన్‌ను చివరికి చూసినా ఫర్వాలేదు.

వీలైతే రెండుసార్లు వెళ్లండి: ఒకరోజు సాయంత్రం, మర్నాడు పొద్దున. రెండోసారి మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. వెంట ఒక టార్చి, కొలత టేపు, మల్టీమీటర్, కాసిన్ని తెల్ల టిష్యూలు ఉంటే చాలు.

సస్పెన్షన్ (ఏబీసీ)

యాక్టివ్ బాడీ కంట్రోల్ ఉన్న బండి మామూలు షాక్ అబ్సార్బర్ల మీద నడవదు. ఇంజిన్ తిప్పే పంపు నూనెను 200 బార్ల దాకా ఒత్తిడితో నాలుగు చక్రాల దగ్గర బండి బరువు మోసే స్ట్రట్లకూ పంపుతుంది. వాల్వ్ బ్లాకులు ఆ నూనెను క్షణక్షణం సర్దుతుంటాయి. అందుకే ఇంత బరువైన బండి మలుపుల్లో ఒరగదు. ఖర్చు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

సాయంత్రం సమతలంగా ఉన్న చోట బండి ఆపించి, ప్రతి చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. పొద్దున ఇంజిన్ ముట్టుకోకముందే మళ్లీ కొలవండి. ఒక్క మూలే బాగా కిందికి దిగితే, ఆ వైపు వాల్వ్ బ్లాక్‌లో సీళ్లు పోయాయని మొదటి అనుమానం. కొన్నాళ్లు కదలకుండా ఉన్న బండి నాలుగు వైపులా కాస్తకాస్త దిగడం వేరు, దానికి అంత బెంగ అక్కర్లేదు. స్టార్ట్ చేశాక ఎత్తు పెంచే బటన్ నొక్కండి. నాలుగు మూలలూ కొద్ది సెకన్లలో ఒకేలా లేవాలి. ఒక మూల వెనకబడినా, పంపు మూలిగినా రాసిపెట్టుకోండి.

తర్వాత నూనె. ఇందులో పోయాల్సింది పెంటోసిన్ సీహెచ్ఎఫ్ 11ఎస్ రకం, కొత్తగా ఉన్నప్పుడు పచ్చగా ఉంటుంది. డిప్‌స్టిక్ తుడిచిన టిష్యూ మీద నల్లటి మరక పడితే ఏళ్ల తరబడి మార్చలేదనే అర్థం. ఆ మురికే వాల్వ్ బ్లాకుల్ని అరగదీస్తుంది. ఎర్రగా కనబడితే మరీ ప్రమాదం. ఎవరో గేర్‌బాక్స్ నూనె పోశారన్నమాట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, లెవెల్ నింపబోయి సీళ్లను పాడుచేసుకున్న బండ్లు ఉన్నాయి.

ఒత్తిడి కుదుపులను మింగే, నైట్రోజన్ నింపిన గోళాలు (అక్యుములేటర్లు) వయసుతో చచ్చుబడతాయి. చిన్నచిన్న గతుకుల మీద బండి చెక్కబండిలా ఎగిరితే తప్పు టైర్లదని చెబుతారు, నమ్మకండి. పంపు దగ్గర నూనె అదురును తగ్గించే పల్సేషన్ డ్యాంపర్ పోతే ఒత్తిడి తాళలేక గొట్టం పగులుతుంది. అప్పుడు నూనె కొద్దిసేపట్లో రోడ్డుపాలవుతుంది. ఎర్రక్షరాల్లో ‘స్టాప్, కార్ టూ లో’ అని వచ్చాక కూడా నడిపితే నూనె లేని పంపు తనను తానే తినేస్తుంది. తెల్లక్షరాల్లో ‘విజిట్ వర్క్‌షాప్’ అని మాత్రమే వస్తే మెల్లగా ఇంటికి చేరవచ్చు. అమ్మేవాళ్లు ‘అది సెన్సరే, చిన్న పని’ అంటే ఆ చిన్న పని చేయించాకే కొంటామనండి.

కొన్ని బండ్లలో ఏబీసీ పీకేసి మామూలు స్ప్రింగులు బిగించి ఉంటారు. తప్పేం లేదు, నడుస్తుంది. కాకపోతే అది ఎస్‌ఎల్ ధర పలకాల్సిన బండి కాదు.

బ్రేకులు (ఎస్‌బీసీ, అంటే సెన్సోట్రానిక్ బ్రేక్ కంట్రోల్)

2003–2006 బండ్లలో పెడల్ నేరుగా బ్రేకుల్ని నొక్కదు. పెడల్ కదలికను కంప్యూటర్ చదివి, ఎలక్ట్రిక్ పంపు నింపి ఉంచిన ఒత్తిడితో నాలుగు చక్రాలనూ పడుతుంది. ఈ వ్యవస్థ కోసమే 2004లో కంపెనీ ప్రపంచవ్యాప్తంగా 6,80,000 బండ్లను వెనక్కి పిలిచింది. తలుపు తెరవగానే బానెట్ కింద నుంచి చిన్న గుర్రుమనే చప్పుడు వినబడాలి. అది పంపు ఒత్తిడి నింపుకోవడం. చప్పుడు ఆగకుండా సాగినా, పదేపదే వచ్చినా పంపు అలసిపోయిందని గుర్తు.

ఇందులో ఓ మెలిక ఉంది. బ్రేకు ఎన్నిసార్లు నొక్కారో కంప్యూటర్ లెక్కపెడుతుంది. లెక్క హద్దు దాటితే పంపు బాగున్నా సీ249ఎఫ్ కోడ్‌తో హెచ్చరిక వేస్తుంది. కొందరు పంపు మార్చకుండా ఆ లెక్కను సున్నాకు తిప్పేసి అమ్మేస్తారు. కాబట్టి ‘పంపు మార్చాం’ అంటే రసీదు చూపమనండి. వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరు పట్టుకుని డీలర్ సర్వీస్ కౌంటర్‌లో ఈ బండికి ఏ రీకాల్ పనులు జరిగాయో, ఎస్‌బీసీ పంపు మీద పొడిగించిన వారంటీ ఏమైనా మిగిలి ఉందో కూడా అడగండి. ఫోన్ చేస్తే సరిపోతుంది. పంపు పూర్తిగా చేతులెత్తేస్తే ముందు చక్రాలకే బ్రేకు మిగులుతుంది, పెడల్ నేల దాకా పోతుంది. హైవే మీద అది ఊహించుకోండి.

ఒక హెచ్చరిక. ఈ బండికి ఇంట్లో బ్రేక్ ప్యాడ్లు మార్చకండి. డయాగ్నోస్టిక్ పరికరంతో ఎస్‌బీసీని ముందు ఆపకపోతే, ఎవరూ పెడల్ నొక్కకున్నా తలుపు తీసినా చాలు, బ్రేకు డిస్కును పట్టే కాలిపర్ బిగుసుకుంటుంది. వేళ్లు అందులో ఉంటే నలిగిపోతాయి.

టాప్

ఎస్‌ఎల్ టాప్ గుడ్డది కాదు, మడతపడే గట్టి కప్పు. పూర్తిగా తెరుచుకోవడానికి దాదాపు 16 సెకన్లు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి మూడుసార్లు తెరిచి మూయించండి. మొదటిసారి చల్లగా ఉన్నప్పుడు, చివరిసారి బండి అరగంట తిరిగొచ్చాక. నూనె పలచబడ్డాకే టాప్‌ను కదిలించే కొన్ని హైడ్రాలిక్ సిలిండర్ల లీకేజీ బయటపడుతుంది. మధ్యలో ఆగిపోతే చేత్తో లాగకండి. డిక్కీలో సామాన్ల మీద వేసే కవరు సరిగ్గా తగిలించకపోయినా టాప్ కదలదు. ఇది తెలియక బండి చెడిందనుకుని వెనుదిరిగేవాళ్లు ఉన్నారు, తెలిసి ‘కవరు సమస్యే’ అని అబద్ధమాడే అమ్మకందార్లూ ఉన్నారు. కవరు తగిలించి మళ్లీ చూపమంటే సరి.

ముందు అద్దం పైఅంచు దగ్గర, సన్‌వైజర్ల చుట్టూ నూనె మరకలు వెతకండి. టాప్ తాళం వేసే సిలిండర్ కారితే పడేది అక్కడే, ఒక్కోసారి నడిపేవాళ్ల నెత్తిమీదే. డిక్కీ కార్పెట్ ఎత్తి పంపు చుట్టూ తడి చూడండి. సిలిండర్లను రీబిల్డ్ చేసేవాళ్లు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఒక్కటి కారితే భయపడక్కర్లేదు. ధర తగ్గించమని అడగడానికి మంచి కారణం.

డిక్కీ అడుగున నీళ్లుంటే మాత్రం ఆలోచించాల్సిందే. సెంట్రల్ లాక్‌ను నడిపే గాలి పంపు, ఫ్యూజులున్న కంప్యూటర్ పెట్టె, రెండో బ్యాటరీ అన్నీ డిక్కీ వైపే ఉంటాయి. వెనక లైట్ల గాస్కెట్ గట్టిపడినా, డిక్కీ రబ్బరు నలిగినా నీళ్లు నిలిచేది అక్కడే. తాళాలు ఒక్కోసారి పడి ఒక్కోసారి పడకపోతే ఆ పంపు తడిసిందని అనుమానించండి.

అవును, ఈ బండికి బ్యాటరీలు రెండు. స్టార్ట్ చేసేది బానెట్ కింద, మిగతావన్నీ నడిపేది డిక్కీలో. డిక్కీ బ్యాటరీ నీరసిస్తే అర్థంలేని హెచ్చరికలు వరసగా వస్తాయి. మల్టీమీటర్‌తో కొలవండి. రాత్రంతా ఆగిన బండిలో 12.5 వోల్టులకు తగ్గకూడదు.

మిగతావి

ఇంజిన్‌లో వాల్వ్ కవర్ల దగ్గర నూనె చెమ్మ, ముందున్న క్రాంక్ పుల్లీలో రబ్బరు విడిపోయి వంకరగా తిరగడం, ఈ రెండూ చూస్తే చాలావరకు చూసినట్టే. ట్యూనప్ అయిందంటే ఎన్ని స్పార్క్ ప్లగ్గులు మార్చారో అడగండి. 16 ఉంటాయి, 8 అన్నవాడు చేయించలేదు. ఐదు గేర్ల బాక్స్‌లో కరెంటు ప్లగ్గు ఓ-రింగు కారి, నూనె తీగల వెంట పాకి కంట్రోలర్ దాకా చేరుతుంది. ఆ ప్లగ్గు విప్పి టిష్యూతో తుడిచి చూపమనండి. ‘జీవితకాలం నూనె మార్చక్కర్లేదు’ అన్న పాత మాట నమ్మినవాళ్ల బండ్లలో గేర్లు కుదుపుతో పడతాయి.

2007 లేదా ఆ తర్వాతి ఎస్‌ఎల్ 550 చూస్తుంటే ఇంజిన్ నంబరు అడగండి. ఎం273 ఇంజిన్లలో 088611 వరకు ఉన్నవాటిలో టైమింగ్ చైన్ తిప్పే ఇడ్లర్ గేరు త్వరగా అరుగుతుంది. మార్చాలంటే ఇంజిన్ దించాలి. ఎస్‌ఎల్ 600 వీ12 జోలికి మొదటి బండిగా వెళ్లకండి. ప్లగ్గులే 24.

బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియం. అయస్కాంతం పెట్టి పుట్టీ కనిపెట్టే పాత చిట్కా వాటి మీద పనిచేయదు, అల్యూమినియం చదివే పెయింట్ మీటర్ కావాలి. టైరు మీద చివరి నాలుగంకెలు చూడండి. 1416 అంటే 2016లో 14వ వారం. అరుగుదల లేకున్నా అవి పారేయాల్సినవే. హ్యూస్టన్ వైపు, ఫ్లోరిడాలో కొనేవాళ్లు సీటుబెల్టు మొత్తం బయటికి లాగి మూలలో బురద గీత ఉందేమో చూడండి, టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఫ్లడ్, శాల్వేజ్ ముద్రలూ చూడండి.

ఆఖరున ఒక స్వతంత్ర మెర్సిడెస్ మెకానిక్ దగ్గర తనిఖీ చేయించండి, అతని దగ్గర మెర్సిడెస్ సొంత డయాగ్నోస్టిక్ పరికరం, స్టార్ లేదా జెంట్రీ, ఉండాలి. దుకాణంలో దొరికే చవక స్కానర్ ఇంజిన్ కోడ్లే చదువుతుంది. ఏబీసీ, ఎస్‌బీసీ, టాప్ కంప్యూటర్లు దానికి కనబడవు. కోడ్లన్నీ ఆ పొద్దునే చెరిపేసి ఉంటే మరో వారం ఆగండి.

ఇక్కడ కొని హైదరాబాద్ పంపుదామనే ఆలోచన మాత్రం మానుకోండి. భారత్‌కు తెచ్చే వాడిన బండి మూడేళ్లు దాటి ఉండకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి.

కొన్న మొదటి వారంలో చేయించాల్సినవి ఏబీసీ నూనె, ఫిల్టరు, గేర్‌బాక్స్ నూనె, డిక్కీ బ్యాటరీ. వీటికి, ఆపై వచ్చే మొదటి పెద్ద రిపేరుకూ కలిపి కొన్న ధరలో మూడోవంతు పక్కన పెట్టుకోలేకపోతే ఈ ఏడాది కొనకండి.