పాత ఇసుకతో మెరైన్ ట్యాంక్ పెడుతున్నారా, ఎండలు ముదరకముందే ఇవి చూసుకోండి

అనంతపురం, కడప వైపు మెరైన్ ట్యాంకులు, అంటే ఉప్పునీళ్లలో సముద్రపు చేపల్ని పెంచే అక్వేరియాలు, పెట్టేవాళ్లు తక్కువే, అందుకే బెంగళూరులోనో హైదరాబాదులోనో ఎవరైనా ట్యాంక్ ఎత్తేస్తున్నారని తెలిస్తే మనోళ్లు కారేసుకుని పోయి గ్లాసు, పంపు, నీళ్లలో మురికిని నురగతో లాగేసే స్కిమ్మర్‌తో పాటు అడుగునున్న ఇసుక కూడా బకెట్లకి ఎత్తుకొని వచ్చేస్తారు. ఊరికే వచ్చే ఇసుక వదులుకోబుద్ధి కాదు, నిజమే. తెచ్చుకోండి, నేనేం వద్దనట్లేదు. కానీ తెచ్చింది తెచ్చినట్టు తడి ఇసుక ట్యాంకులో పోయొద్దు, మార్చి దాటాక అయితే అస్సలొద్దు.

ఏళ్ల తరబడి చేపల మలం, తినకుండా మిగిలిన మేత అంతా ఇసుకలోకే దిగి ఉంటాది, కదపనంతవరకు గమ్మున ఉంటాది, ఎత్తేసరికి అంతా పైకి లేస్తాది. దానికి తోడు ఇసుకలో బతికే బ్యాక్టీరియాకి, చిన్న చిన్న పురుగులకి ఆక్సిజన్ కావాలి, మూత బిగించిన బకెట్ కారు డిక్కీలో మన ఎండకి నాలుగైదు గంటలు ఉడికిందంటే అవి చచ్చి కుళ్లడం మొదలవుతాది, ఆ కుళ్లంతా మీ ట్యాంకులో అమ్మోనియానే. ఉప్పునీళ్ల పీహెచ్ 8.2 దగ్గర ఉంటాది కదా, పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఇంకా విషం అయితాది. జనవరిలో ఎట్లో తట్టుకున్న చేప ఏప్రిల్‌లో తట్టుకోలేదు.

తీసుకునే ముందు ఓనర్‌ని అడగాల్సిన మొదటి మాట కాపర్ గురించి. ఈ ట్యాంకులో చేపలకి తెల్లమచ్చల జబ్బు వచ్చినప్పుడు కాపర్ మందు వేశారా అని సూటిగా అడగండి. ఈ ఇసుక కాపర్‌ని పట్టుకుని తర్వాత మెల్లగా వదుల్తాది, రొయ్యలు, నత్తలు, అనిమోన్లు ఏవీ బతకవు, ఎంత కడిగినా నమ్మకం లేదు. జవాబు నీళ్లు నములుతున్నట్టు వస్తే ఇసుక ఆడనే వదిలేసి గ్లాసు మాత్రం తెచ్చుకోండి.

తర్వాత అడుగు నుంచి ఒక గుప్పెడు తీసి చూడండి. పైన తెల్లగానే ఉంటాది, గ్లాసుకి ఆనుకున్న చోట నల్ల చారలు, చేతిలోకి తీస్తే కుళ్లిన గుడ్డు వాసన ఉంటే అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. చేపలు ట్యాంకులో ఉండగా అలాంటి ఇసుక కదిపితే చచ్చిపోతాయి, ముందు చేపల్ని వేరే టబ్బులోకి మార్చాలి, కిటికీలన్నీ తెరవాలి, గాలాడని గదిలో వంగి ఎత్తొద్దు, మీకూ మంచిది కాదు. మోచేతి దాకా గ్లౌజులు తప్పనిసరి. చేతికి తెగిన గాయం ఉంటే ఆ పని ఇంకొకరికి ఇవ్వండి, ట్యాంకు నీళ్ల నుంచి గాయంలోకి మైకోబ్యాక్టీరియా అనే క్రిమి పోతే నెలల తరబడి మానని పుండు అయితాది.

అసలు అది అరగొనైటేనా, అంటే మెరైన్ ట్యాంకులకి వాడే సున్నపు గుణమున్న ఇసుకేనా అన్నది కూడా చూడండి. ఎండిన చిటికెడు ఇసుక మీద రెండు చుక్కలు వెనిగర్ వేస్తే బుసబుస పొంగాలి. చిత్రావతి, పెన్నా ఇసుక లాంటిదైతే పొంగదు, అది పీహెచ్‌ని ఏమాత్రం నిలబెట్టదు.

కడగడానికి ఓపిక కావాలి. బకెట్‌లో పావు వంతుకి మించి ఇసుక వేయొద్దు, పైపు అడుగుదాకా పెట్టి చేత్తో కలుపుతా పొంగనీయండి, మొదటి నీళ్లు టీ రంగులో వస్తాయి, తేటగా వచ్చేదాకా వంచుతానే ఉండండి. ఈ కడుగుళ్లకి బోరు నీళ్లు చాలు, చివరి రెండుసార్లు మాత్రం ఆర్‌ఓ నీళ్లే. వాసన పోకపోతే సువాసన కలపని సాదా బ్లీచ్ వేసి ఒక రోజు నానబెట్టి, బాగా కడిగి, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, మేడ మీద టార్పాలిన్ పరిచి తిరగేస్తా ఎముకలా ఎండేదాకా ఎండబెట్టండి, ఈ ఒక్క పనికి మాత్రం మన ఎండ వరం. బాత్రూం యాసిడ్ జోలికి పోవద్దు, ఇసుకే కరిగిపోతాది, బ్లీచ్‌లో అది కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తాది, ప్రాణానికే ముప్పు. ఉడకబెడితే క్రిములు చస్తాయి కదా అని పొయ్యి మీదా పెట్టొద్దు, పాత రాళ్ల మీద, ఇసుకలో జోవాంథిడ్లు (పగడాల లాంటి సముద్రజీవులు) ఉంటే వాటి విషం ఆవిరితో లేస్తాది, ఇంట్లో అందరూ ఆస్పత్రి పాలవుతారు.

ఎండిన ఇసుకలోనూ ఫాస్ఫేట్ దాక్కుని ఉండొచ్చు. కొంచెం తీసి కొత్త ఉప్పునీళ్లలో రెండు రోజులు ఉంచి టెస్ట్ కిట్‌తో చూడండి, ఎక్కువ చూపిస్తే ట్యాంకంతా పాచి పట్టడం ఖాయం, అలాంటిది పారేయడమే మేలు.

అమ్మోనియాని అరిగించే బతికున్న బ్యాక్టీరియా కావాలనుకుంటే జబ్బు లేని, నడుస్తున్న ట్యాంకు నుంచి పై పొర ఒక కప్పు అదే రోజు తెచ్చుకోండి, అంతే చాలు. తెల్లమచ్చల పరాన్నజీవి తిత్తులు ఇసుకలోనే వారాలపాటు ఉంటాయి కాబట్టి ఆ ట్యాంకు గురించి విచారించే తీసుకోండి.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ట్యాంకుకి ఒక అంగుళం మందానికి సుమారు 15 కిలోలు పడతాది, అంతకన్నా ఎక్కువ పోసి లోతు పెంచొద్దు. ఇసుక ఎండిందంటే సైకిల్, అంటే ఆ బ్యాక్టీరియా పెరిగే పని, మళ్లీ మొదటి నుంచే, 4 నుంచి 6 వారాలు, అమ్మోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా ఒక్క చేప కూడా వేయొద్దు. అందుకే పని ఫిబ్రవరి లోపలే మొదలుపెట్టమని చెప్తాన్నా, లేదంటే వానలు పడి చల్లబడేదాకా ఎండిన ఇసుకని మూటగట్టి పక్కన పెట్టండి. మే నెలలో కరెంటు పోతే పంపు ఆగుతాది, వేడి నీళ్లలో ఆక్సిజన్ ముందే తక్కువ, బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి చార్జ్ పెట్టి ట్యాంకు పక్కనే ఉంచుకోండి.