విండోస్ 11కి మారే ముందు: ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయినా మీ పని పోకుండా

పెళ్లిళ్ల సీజన్‌కు రెండు వారాల ముందు, మా వీధి చివర డీటీపీ సెంటర్ నడిపే అక్క ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయింది. ముందు రోజు రాత్రే విండోస్ 10 నుంచి 11కి మార్చుకుంది. పొద్దున తెర మామూలుగానే వెలిగింది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ తెరవబోతే మౌస్ బాణం అక్కడికక్కడే ఆగిపోయింది. కింద మూలన గడియారం 9:42. టీ తాగి వచ్చి చూసినా 9:42. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపింది, మళ్లీ వేసింది, పది నిమిషాలకు మళ్లీ ఆగింది. మధ్యాహ్నం ఒక రిపేరు దుకాణంలో ఇస్తే, వాళ్లు ఒక్క మాటైనా అడగకుండా డిస్క్ మొత్తం ఫార్మాట్ చేసి సాయంత్రానికి చేతిలో పెట్టారు. "తమ్ముడూ, డి డ్రైవ్‌లోవి కూడా పోతాయా?" అని ఆమె ఫోన్ చేసినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆరేళ్ల శుభలేఖలు, కరపత్రాలు, పిల్లల ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఇంతా చేస్తే, వారం తిరగకముందే ఆ ల్యాప్‌టాప్ మళ్లీ అలాగే ఆగింది. లోపం డిస్‌ప్లే డ్రైవర్‌ది, అంటే తెరను నడిపే సాఫ్ట్‌వేర్‌ది. తయారీ సంస్థ సైటులో ఆ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్ వేశాక నిలకడగా పనిచేస్తోంది. అంటే ఆ ఫార్మాట్ అవసరమే లేదు. అప్పటి నుంచి ఎవరు అప్‌గ్రేడ్ మాట ఎత్తినా వాళ్లను కూర్చోబెట్టి చెబుతున్నవే ఇక్కడ రాస్తున్నాను.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పొడిగింపు పథకంలో నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. కాబట్టి మారక తప్పని వాళ్లు చాలామందే ఉన్నారు. మారండి. కానీ పరీక్షలు, జీఎస్టీ రిటర్న్ గడువు, ముహూర్తాల రద్దీ దగ్గర పడినప్పుడు మాత్రం ఆ జోలికి పోవద్దు. ఏదైనా తేడా వస్తే సరిచేసుకోవడానికి కనీసం మూడు నాలుగు రోజులు చేతిలో ఉండాలి.

యంత్రం తట్టుకుంటుందా?

విండోస్ 11 కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, మొదలయ్యేటప్పుడే నకిలీ ప్రోగ్రామ్‌లను అడ్డుకునే సెక్యూర్ బూట్ సదుపాయం కోరుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి. ఐ5 పక్కన 7200 అని ఉంటే ఏడో తరం, 8250 అని ఉంటే ఎనిమిదో తరం. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ యాప్ ఈ లెక్కంతా తానే తేల్చి చెబుతుంది. విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో మార్పులు చేసి ఈ నిబంధనలను దాటే చిట్కాలు యూట్యూబ్‌లో బోలెడు కనిపిస్తాయి. పని మీద ఆధారపడే ల్యాప్‌టాప్‌లో వాటిని వాడవద్దు. అలా మార్చిన యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది.

4 జీబీ ర్యామ్ చాలని కాగితం మీద ఉన్నా, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఆ ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది. నా అనుభవంలో 8 జీబీ ఉంటేనే హాయి. అంతకంటే ముఖ్యమైనది డిస్క్. పాత ల్యాప్‌టాప్‌లలో తిరిగే హార్డ్ డిస్క్ ఉంటుంది. దాని మీద కొత్త విండోస్ వేస్తే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం 100 శాతానికి ఎక్కి అక్కడే కూర్చుంటుంది. చూసేవారికి అది హ్యాంగ్ లాగే ఉంటుంది. అలాంటి యంత్రానికి ముందు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్క్) వేయించి, ఆ తర్వాత అప్‌గ్రేడ్ గురించి ఆలోచించండి. హార్డ్ డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే అది పోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. అప్‌గ్రేడ్ ఆపి ఆ పూటే డేటా బయటికి తీయండి.

మన ప్రాంతపు ఎండాకాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అప్‌గ్రేడ్ జరిగే గంటా రెండు గంటలు ప్రాసెసర్, డిస్క్ గట్టిగా పనిచేస్తాయి. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుని ఉంటే వేడికే ఆగిపోవచ్చు. ముందుగా శుభ్రం చేయించండి. పరుపు మీదా దిండు మీదా కాకుండా బల్ల మీద పెట్టండి, వీలైతే రాత్రి పూట చల్లదనంలో చేయండి. బ్యాటరీ పాడైపోయి కేవలం ఛార్జర్ మీద నడిచే ల్యాప్‌టాప్ అయితే ఇన్వర్టర్ లేకుండా మొదలుపెట్టవద్దు. సగంలో కరెంటు పోతే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

ముందు రోజు చేయవలసిన పనులు

బ్యాకప్ గురించి ఎంత చెప్పినా తక్కువే. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ దాని పంపిణీని ఆపి, సరిచేసి నవంబర్‌లో మళ్లీ విడుదల చేయవలసి వచ్చింది. అంత పెద్ద సంస్థ దగ్గరే అలా జరిగినప్పుడు మనం ధీమాగా ఉండలేం. సి నుంచి డి డ్రైవ్‌కు కాపీ చేయడం బ్యాకప్ కాదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ రెండూ ఒకే డిస్క్‌లో గీసిన రెండు గళ్లు. డిస్క్ పోతే రెండూ పోతాయి. బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు అందులోంచే తెరిచి చూడండి, తర్వాత ఆ డిస్క్‌ను విడదీసి బీరువాలో పెట్టండి. డెస్క్‌టాప్ మీద పడేసిన ఫైళ్లను, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను, అవుట్‌లుక్ మెయిల్ ఫైలును జనం మరచిపోతుంటారు.

రెండోది 48 అంకెల తాళం. చాలా ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారి ఉంటుంది. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని గానీ, కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ అని గానీ వెతికి చూడండి. ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండవచ్చు. ఫోన్‌లోంచి ఆ ఖాతా తెరిచి, ఆ 48 అంకెలనూ కాగితం మీద రాసుకోండి. ఆ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో కూడా అప్పుడే తేలుతుంది. బయాస్ (విండోస్ కంటే ముందే మొదలై యంత్రాన్ని లేపే ప్రోగ్రామ్) మార్చినా, టీపీఎం సెట్టింగ్ కదిపినా మరుసటి బూట్‌లో నీలి తెర వచ్చి ఆ కీ అడగవచ్చు. అది లేకపోతే ఎంతటి మెకానిక్ అయినా ఆ డిస్క్‌లోని డేటా తీయలేడు. బయాస్ అప్‌డేట్ చేసే ముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేయడం మరవకండి.

బయాస్ అప్‌డేట్ ఎందుకంటే, కొన్ని హ్యాంగ్‌లకు మందు అక్కడే ఉంటుంది. ఏఎండీ ప్రాసెసర్ ఉన్న కొన్ని కంప్యూటర్లు విండోస్ 11లో ఉన్నట్టుండి ఒకటి రెండు క్షణాలు బిగుసుకుపోయి మళ్లీ కదిలేవి. పాట వింటుంటే నత్తిగా వినిపించేది. విడి చిప్‌గా కాకుండా ఫర్మ్‌వేర్‌లో (యంత్రంలోనే ఇమిడి ఉండే సాఫ్ట్‌వేర్‌లో) నడిచే టీపీఎం వల్లే ఇలా జరుగుతోందని 2022 మార్చిలో ఏఎండీ ఒప్పుకుని, బయాస్ అప్‌డేట్ ద్వారా సరిచేసింది. తయారీ సంస్థ సైటులో మీ మోడల్ సంఖ్య కొట్టి బయాస్, డిస్‌ప్లే, వైఫై, చిప్‌సెట్ డ్రైవర్లను దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. అప్‌గ్రేడ్ తర్వాత వైఫై పనిచేయకపోతే అవే దిక్కు.

డీటీపీ చేసేవారు, కాంట్రాక్టర్లు, ఆడిటర్లు ఇంకో అడుగు ముందుగా వేయాలి. ఏళ్లనాటి పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, టెండర్లకు వాడే డిజిటల్ సంతకం టోకెన్, పాత ప్రింటర్ డ్రైవర్, వీటి సెటప్ ఫైళ్లూ సీరియల్ నంబర్లూ మీ దగ్గర ఉన్నాయా? అదే వెర్షన్ విండోస్ 11లో నడుస్తోందో లేదో తెలిసినవారి కంప్యూటర్‌లో ఒకసారి చూసుకోండి. యూనికోడ్‌లో రాసేవారికి ఇంత బెంగ లేదు. తెలుగు ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి విండోస్‌లోనే ఉంది. గౌతమి, వాణి ఫాంట్లు కనిపించకపోతే ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకుంటే వచ్చేస్తాయి.

అప్‌గ్రేడ్ చేసే రాత్రి

ప్రింటర్, టోకెన్, పెన్‌డ్రైవ్, బయటి డిస్క్ అన్నీ తీసేయండి. విడిగా కొన్న యాంటీవైరస్ ఉంటే దాన్ని పూర్తిగా తొలగించండి, తర్వాత మళ్లీ వేసుకోవచ్చు. సి డ్రైవ్‌లో 30 జీబీ అయినా ఖాళీ ఉంచండి. విండోస్ అప్‌డేట్ మీ యంత్రానికి ఇంకా విండోస్ 11 ఇవ్వకపోతే బలవంతంగా వేయవద్దు. ఫలానా డ్రైవర్‌తో ఇబ్బంది ఉందని తెలిసినప్పుడు మైక్రోసాఫ్ట్ ఆ మోడళ్లకు తానే కొన్నాళ్లు ఆపి ఉంచుతుంది.

మధ్యలో శాతం కదలకుండా ఆగినట్టు కనిపిస్తుంది. చుక్కలు తిరుగుతున్నా, డిస్క్ దీపం మిణుకుమిణుకుమంటున్నా పని జరుగుతోందనే అర్థం. గంట దాటినా సరే, చేతులు కట్టుకుని ఉండండి.

డెస్క్‌టాప్ వచ్చాక మొదటి రోజు యంత్రం మందకొడిగానే ఉంటుంది. ఫైళ్ల సూచీ తయారీ, వైరస్ తనిఖీ, డ్రైవర్ల డౌన్‌లోడ్ అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. ఛార్జర్ పెట్టి, ఒక రాత్రంతా దాని మానాన దాన్ని వదిలేయండి.

అయినా హ్యాంగ్ అయితే

పవర్ బటన్ మీదికి వేలు పోకముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే లోపల యంత్రం బతికే ఉంది, తెర మాత్రమే బిగుసుకుంది. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలు పట్టుకుని బి నొక్కండి. తెర ఒకసారి ఆరి వెలుగుతుంది, డిస్‌ప్లే డ్రైవర్ కొత్తగా మొదలవుతుంది. 2018 ఏప్రిల్ అప్‌డేట్ తర్వాత క్రోమ్ వాడుతుంటే కొన్ని కంప్యూటర్లు ఆగిపోయినప్పుడు మైక్రోసాఫ్ట్ స్వయంగా సూచించిన ఉపాయం ఇది. దీనితో తెర కదిలిందంటే అనుమానం డిస్‌ప్లే డ్రైవర్ మీదికి పోతుంది. దీపం కూడా స్పందించకపోతే పది నిమిషాలు ఆగి, అప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి.

తర్వాత సేఫ్ మోడ్‌లోకి, అంటే అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతిలోకి వెళ్లాలి. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే రికవరీ తెర వస్తుంది. అంతసేపు కూడా నిలవకపోతే, బూట్ అవుతుండగా మూడుసార్లు ఆపితే ఆ తెర దానంతట అదే వస్తుంది. అక్కడ స్టార్టప్ సెట్టింగ్స్‌లో 4 నొక్కండి. అరగంట సేఫ్ మోడ్‌లో వాడి చూడండి. అందులో బాగా నడిస్తే తప్పు డ్రైవర్‌దో, వెంట మొదలయ్యే ఏదో ప్రోగ్రామ్‌దో. అందులోనూ ఆగితే చాలావరకు ర్యామ్, డిస్క్, వేడి, ఈ మూడింటిలో ఒకటి. అప్పుడు విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడపండి, డిస్క్ ఆరోగ్యం చూపే ఉచిత సాధనంతో డిస్క్‌ను పరీక్షించండి.

డ్రైవర్ మీదే అనుమానం ఉంటే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ చేసి పాత డ్రైవర్‌కు వెళ్లండి, లేదా పెన్‌డ్రైవ్‌లో దాచినది వేయండి. ప్రోగ్రామ్ అనుకుంటే ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సాధనంలో మైక్రోసాఫ్ట్ సర్వీసులను దాచిపెట్టి మిగిలినవి ఆపండి. బాగుంటే వాటిలో సగం తిరిగి వేసి చూడండి, అలా సగం సగం చేస్తూ పోతే అసలుది దొరుకుతుంది. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపి చూడండి, ఆపి వేసిన ప్రతిసారీ వచ్చే హ్యాంగ్‌లు కొన్ని దీనితోనే పోతాయి. రిలయబిలిటీ మానిటర్ తెరిస్తే ఏ రోజు ఏది కూలిందో ఎర్ర గుర్తులతో కనిపిస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే పద్దు చూసి పవర్ సప్లై చెడిందని కంగారు పడకండి. కంప్యూటర్ సరిగా షట్ డౌన్ కాలేదని మాత్రమే దాని అర్థం. మీరు బటన్ నొక్కి ఆపినా అదే పడుతుంది.

ఇవేవీ ఫలించకపోతే వెనక్కి వెళ్లండి. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది. అప్‌గ్రేడ్ చేసిన 10 రోజుల వరకే అది పనిచేస్తుంది. మీ ఫైళ్లు ఉంటాయి, ఆ తర్వాత వేసుకున్న ప్రోగ్రామ్‌లు మాత్రం పోతాయి. ఈ దారి తెరిచి ఉండాలంటే, స్థలం కోసమని పాత విండోస్ ఉండే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌ను తుడవకూడదు. ఫోన్ క్యాలెండర్‌లో ఎనిమిదో రోజుకు ఒక రిమైండర్ పెట్టుకోండి. ఆ రోజుకూ తేలకపోతే ఇంకా ఆశపడకుండా వెనక్కి మళ్లండి.

ఒక మోసం కూడా ఈ సమయంలోనే కాచుకుని ఉంటుంది. తెర నిండా ఎర్రటి హెచ్చరిక, హోరెత్తే శబ్దం, పక్కనే ఫోన్ నంబర్. అది హ్యాంగ్ కాదు, బ్రౌజర్‌లో తెరుచుకున్న పేజీ. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. ఎస్కేప్ మీట నొక్కిపట్టండి, లేదా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేయండి. ఎవరు అడిగినా దూరం నుంచి మీ కంప్యూటర్‌ను నడపనిచ్చే ఎనీడెస్క్ లాంటివి వేయవద్దు. డబ్బు పోయిందని తెలిస్తే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చివరికి దుకాణానికే ఇవ్వవలసి వస్తే, హ్యాంగ్ అయిన తెరను ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లండి, సేఫ్ మోడ్‌లో ఏం జరిగిందో చెప్పండి. రసీదు మీద "నన్ను అడగకుండా ఫార్మాట్ చేయకూడదు" అని రాయించుకోండి. అక్క ఇప్పుడు అదే వాక్యాన్ని పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి ల్యాప్‌టాప్ మూత మీద అంటించుకుంది.