పగడాల తొట్టిలో పాచి పోవడం లేదా? ముందు పోసే నీటిని కొలవండి

సమస్య

ఇంట్లో పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టిలో గాజు తుడిచిన రెండు రోజులకే గోధుమరంగు పొర మళ్లీ పేరుకుంటుంది. రాళ్ల మీద వెంట్రుకల్లాంటి పచ్చని పాచి పీకిన చోటే మొలుస్తుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ పరీక్షలు మాత్రం దాదాపు సున్నా చూపిస్తాయి. నీటిలో చేరిన పోషకాలను పాచి ఎప్పటికప్పుడు పీల్చేస్తుంది కనుక ఆ సున్నాను నమ్మడానికి లేదు. తొట్టి పెట్టి నెలో, రెండు నెలలో అయివుంటే గోధుమరంగు పొర సహజమే, దానంతటదే పోతుంది. పాత తొట్టిలోనూ ఇలాగే ఉంటే, మందు సీసా కొనే ముందు టీడీఎస్ మీటరును (నీటిలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది), ఆవిరైన నీటికి బదులుగా రోజూ పోసే నీటిలో ముంచి చూడాలి. ఉప్పునీటి తొట్టిలో ముంచితే ఆ మీటరు చెప్పేదేమీ ఉండదు.

కారణం

తిరుపతిలో ఎవరిని అడిగినా ఆర్‌వో నీళ్లే పోస్తున్నామంటారు. చిక్కంతా అక్కడే ఉంది. తాగునీటికి బిగించే ఆర్‌వో యంత్రాల్లో చాలావాటికి టీడీఎస్ అడ్జస్టర్ అనే చిన్న మర ఉంటుంది. నీళ్లు చప్పగా ఉండకూడదని, మెంబ్రేన్ (లవణాలను ఆపే పొర) గుండా వెళ్లని నీటిని కొంత మళ్లించి శుద్ధమైన నీటిలో కలపడమే దాని పని. కొన్నింటిలో ఖనిజాలు కలిపే గొట్టం కూడా ఉంటుంది. మీటరులో 60 వస్తే మనుషులకు మంచిదే, పగడాలకు మాత్రం సున్నా కావాలి. పైగా మిద్దె మీది ట్యాంకులోకి ఒకనాడు కుళాయి నీళ్లు, ఒకనాడు బోరు నీళ్లు ఎక్కే ఇళ్లలో ఆ అంకె కూడా నిలకడగా ఉండదు. క్యాన్ నీళ్లనూ కొలవకుండా పోయకూడదు.

ఆవిరయ్యేది నీరు మాత్రమే. అందులోని నైట్రేట్, గోధుమరంగు పొరకు ఆహారమయ్యే సిలికేట్ తొట్టిలోనే మిగిలిపోతాయి. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో తొట్టిని 26 డిగ్రీల దగ్గర నిలపడానికి ఫ్యాన్ పెడతాము. అప్పుడు 200 లీటర్ల తొట్టిలో రోజుకు 3 లీటర్లు తగ్గాయనుకుంటే, నెలకు 90 లీటర్లు పోసినట్టు. ఆ నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంటే, చేపలకు ఒక్క పలుకు మేత వేయకపోయినా, నెల తిరిగేసరికి తొట్టిలో లీటరుకు 4.5 మిల్లీగ్రాములు చేరతాయి.

పరిష్కారం

అడ్జస్టర్ నీరు కలిసే చోటుకు ముందే, మెంబ్రేన్ నుంచి వచ్చే పైపుకు టీ జాయింట్ వేసి, ఆ నీటిని డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే పదార్థం) గుండా పంపి పట్టుకోవాలి. ఆగి ఉన్న యంత్రాన్ని ఆన్ చేసినప్పుడు తొలి కొన్ని నిమిషాల నీటిలో టీడీఎస్ ఎక్కువగా ఉంటుంది, దానిని మొక్కలకు పోయండి. రెజిన్ చివరి దశకు వచ్చినప్పుడు ముందుగా జారిపోయేది సిలికేట్, దానిని మీటరు పట్టలేదు. అందువల్ల అంకె 1 చూపించగానే రెజిన్ మార్చాలి.

తరువాత వారానికి 10 నుంచి 15 శాతం నీరు మారుస్తూ, బ్రష్‌తో పాచిని రుద్ది పైపుతో లాగేయాలి. ఫాస్ఫేటును పట్టే ఐరన్ ఆక్సైడ్ గుళికలు వాడదలిస్తే సగం మోతాదుతో మొదలుపెట్టాలి, ఎందుకంటే ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే పగడాలు తట్టుకోలేవు. రాళ్లలో పట్టిన ఫాస్ఫేట్ మెల్లగా వదులుతుంది కనుక పాచి తగ్గడానికి వారాలు పడుతుంది.

ఇతర కారణాలు

ఎర్రటి జిగురు పొరకు ప్రవాహం పెంచి చూడండి. బుడగలతో తీగలు సాగే గోధుమరంగు జిగురు డైనోఫ్లాజెల్లేట్ అనే ఏకకణ జీవి కావచ్చు. అది తరచుగా పోషకాలు నిజంగానే సున్నాకు పడిపోయిన తొట్టిలో వస్తుంది కనుక అక్కడ నీరు మార్చడం, గుళికలు వేయడం ఆపాలి. దీపం మార్చడం గురించి ఇవన్నీ అయ్యాకే ఆలోచించండి.